లినక్స్‌లో కాపీ చేసిన పెళ్లి ఫోల్డర్ విండోస్‌లో కనిపించకపోతే

ముందు ప్రశ్న ఏమిటో నాలుగు ముక్కల్లో చెబుతాను, ఇదే కష్టంలో ఉన్న మిగతావాళ్లకూ అర్థమవుతుంది. అడిగినవారిది జడ్చర్లలో ఫొటో స్టూడియో. లాప్‌టాప్‌లో విండోస్ 11, లినక్స్ మింట్ (లినక్స్‌లో ఒక రకం) రెండూ ఉన్నాయి. ఫొటోలన్నీ డీ డ్రైవ్‌లో పెట్టి రెండింటి నుంచీ వాడుకుంటున్నారు. కల్వకుర్తిలో పెళ్లి తీసి వచ్చి, రాత్రి మింట్‌లో కార్డు పెట్టి కాపీ చేయబోతే డ్రైవ్ చదవనిచ్చింది గానీ రాయనివ్వలేదు. నెట్‌లో వెతికి ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే కమాండ్ కొట్టారు. అప్పుడు 46 జీబీ కాపీ అయింది. తర్వాత కార్డును కెమెరాలో ఫార్మాట్ చేశారు. తెల్లారి ఆల్బమ్ డిజైన్ కోసం విండోస్ తెరిస్తే ఫోల్డర్ లేదు. మళ్లీ మింట్‌లోకి వెళ్తే అక్కడా లేదు. కార్డుతో ఆ తర్వాత ఇంకేమీ తీయలేదు.

ఆ చివరి ముక్క చదివాక నాకు ధైర్యం వచ్చింది. మీరు అడిగింది డీ డ్రైవ్ గురించి. కానీ మీ ఫొటోలు దొరికే అవకాశం డీ డ్రైవ్ కంటే ఆ కార్డులోనే ఎక్కువ. నల్లగొండలో పద్దెనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. పోయిన డేటా కోసం వచ్చినవాళ్లలో చాలామంది పోయిన చోటే వెతుకుతారు, అది మొదట ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చోటును మర్చిపోతారు.

అందుకే ఇది చదవగానే రెండు పనులు చేయండి. ఒకటి, లాప్‌టాప్ ఆపేసి పక్కన పెట్టండి. విండోస్‌లోకీ వెళ్లొద్దు, మింట్‌లోకీ వెళ్లొద్దు. రెండు, కార్డును కెమెరా నుంచి తీసేయండి. ఎస్‌డీ కార్డు అయితే పక్కన చిన్న లాక్ మీట ఉంటుంది, దాన్ని కిందికి జరపండి. సాధారణంగా ఇక దాని మీద పొరపాటున కూడా ఏదీ రాయబడదు.

కెమెరాలో మామూలు ఫార్మాట్ కొడితే సాధారణంగా ఫొటోలు చెరిగిపోవు. ఏ ఫొటో ఎక్కడ ఉందో చెప్పే పట్టిక మాత్రమే కొత్తగా మొదలవుతుంది. ఫొటోల డేటా కార్డులో అలాగే పడి ఉంటుంది, దాని మీద కొత్త ఫొటో పడేదాకా. లో లెవెల్ ఫార్మాట్ అనే టిక్ పెట్టి చేసి ఉంటే మాత్రం ఆశ బాగా తగ్గుతుంది. అది పెట్టారో లేదో గుర్తు తెచ్చుకోండి.

కార్డు పనికి వేరే కంప్యూటర్ వాడండి, పక్క షాపువాళ్లదైనా సరే. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, టెస్ట్‌డిస్క్ అనే దానితో కలిపి వస్తుంది. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. కార్డును రీడర్‌లో పెట్టగానే "ఫార్మాట్ చేయాలా" అని విండోస్ అడిగితే వద్దనండి. ఫొటోరెక్‌లో డ్రైవ్‌ల జాబితా వస్తుంది. పేరు చూసి కాదు, సైజు చూసి కార్డును ఎంచుకోండి. ఫైల్ సిస్టమ్ రకం అడిగితే "అదర్" అన్నదాన్ని, ఎక్కడ వెతకాలి అంటే "హోల్" అన్నదాన్ని ఎంచుకోండి. దొరికినవి దాచేది ఎట్టి పరిస్థితిలోనూ అదే కార్డులోకి కాకూడదు, ఆ కంప్యూటర్ డిస్క్‌లోకి పోవాలి. ఫైల్ రకాల జాబితాలో చెయ్యి పెట్టకండి, కెమెరా తీసే కొన్ని రా (RAW) ఫైళ్లు వేరే రకం పేరు కింద ఉంటాయి, తీసేస్తే అవి రావు.

పాత పేర్లు, పాత ఫోల్డర్లు రావు. రికప్ డిర్ అనే పేరుతో వరుసగా ఫోల్డర్లు చేసి ఒక్కోదానిలో 500 ఫైళ్ల చొప్పున పోస్తుంది. పేర్లు పోయినా టెన్షన్ పడకండి, ఫొటో లోపల తీసిన తేదీ, టైమ్ ఉంటాయి. లైట్‌రూమ్‌లోగానీ మామూలు ఫైల్ మేనేజర్‌లోగానీ తీసిన టైమ్ ప్రకారం పేర్చితే పెళ్లి వరుస మళ్లీ వచ్చేస్తుంది. మీ కార్డులో అంతకుముందు తీసిన పాత ఫంక్షన్ల ఫొటోలు కూడా కొన్ని తేలతాయి, అవి పక్కన పెట్టేయండి. వీడియోల సంగతి వేరు. పెద్ద వీడియో కార్డులో ముక్కలుగా పడి ఉంటే ఫొటోరెక్ సరిగ్గా అతికించలేదు, కొన్ని తెరుచుకోవు.

ఇప్పుడు డీ డ్రైవ్ దగ్గరికి వద్దాం. అసలు ఏం జరిగిందో తెలియకపోతే రేపు మళ్లీ ఇదే జరుగుతుంది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను.

మీరు విండోస్‌లో షట్‌డౌన్ కొట్టారు. లైట్లు ఆరాయి, ఫ్యాన్ ఆగింది. కానీ విండోస్ పూర్తిగా ఆగలేదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే పద్ధతి ఉంది. షట్‌డౌన్ అన్నప్పుడు మీ ప్రోగ్రాములన్నీ మూసేస్తుంది గానీ, విండోస్ లోపలి భాగం తన అప్పటి స్థితిని అంతా ఒక ఫైల్‌లో రాసుకుని నిద్రపోతుంది. మళ్లీ ఆన్ చేస్తే కొత్తగా మొదలవ్వదు, ఆ ఫైల్ చదువుకుని నిద్ర లేస్తుంది. అందుకే త్వరగా తెరుచుకుంటుంది. ఆ స్థితిలో డీ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్ ఎక్కడుంది, ఎక్కడ ఖాళీ ఉంది అన్న లెక్క కూడా ఉంటుంది. చాలామంది రీస్టార్ట్ కంటే షట్‌డౌన్ గట్టిదనుకుంటారు. ఇక్కడ అది తలకిందులు. రీస్టార్ట్ కొడితేనే విండోస్ పూర్తిగా మూసుకుని మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

మన దిక్కు పాతకాలం పహాణీ, అంటే ఊరి భూముల లెక్క పుస్తకం, తెలిసినవాళ్లకు ఇలా చెబుతుంటాను. ఊరికి పహాణీ ఒక్కటే, రాసే పట్వారీలు ఇద్దరు. మొదటాయన ఒక పేజీని చూసి తన చేతి కాగితం మీద ఎక్కించుకుని ఇంటికి పోయి పడుకున్నాడు. రెండో ఆయన వచ్చి పహాణీలో కొత్త సర్వే నంబరు చేర్చాడు. పొద్దున మొదటాయన లేచి పహాణీ వైపు చూడకుండా తన కాగితం చూసి ఆ పేజీని మళ్లీ రాశాడు. చేర్చిన నంబరు పోయింది. భూమి ఎక్కడికీ పోలేదు, కాగితం మీద మాత్రం అక్కడ బీడు అని ఉంది. ఇంకొకరు వచ్చి ఆ బీడులో నాగలి పెడితే అప్పుడు నిజంగా నష్టం. మీ 46 జీబీ ఇప్పుడు ఆ స్థితిలో ఉంది. విండోస్ ఆ చోటును ఖాళీ అనుకుంటోంది. విండోస్ తెరిచి ఉన్నంతసేపూ బ్రౌజర్, అప్‌డేట్, ఫొటోషాప్ తాత్కాలిక ఫైళ్లు ఏవైనా డీ డ్రైవ్‌కు పోయేలా పెట్టి ఉంటే అవి అక్కడ పడతాయి. లాప్‌టాప్ ఆపేయమని మొదటే చెప్పింది ఇందుకే.

మింట్ మిమ్మల్ని రాయనివ్వకపోవడానికి కారణం కూడా ఇదే. లినక్స్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్ త్రీజీ అనే భాగం డ్రైవ్‌ను చూసి, విండోస్ దీన్ని సరిగా మూయలేదని గుర్తుపట్టి చదవడానికి మాత్రం ఇచ్చింది. "మెటాడేటా కెప్ట్ ఇన్ విండోస్ క్యాష్, రెఫ్యూజ్డ్ టు మౌంట్" అనే సందేశం మీరు చూసే ఉంటారు. డ్రైవ్ లెక్క ఇంకా విండోస్ దగ్గరే ఉంది, మౌంట్ చేయను, అంటే వాడుకోవడానికి తెరవను అని దాని అర్థం. అది మిషన్ మొండితనం అని చాలామందికి అనిపిస్తుంది. అది మీ ఫొటోలను కాపాడటానికి అడ్డం నిలబడింది. 2021లో వచ్చిన లినక్స్ 5.15 నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్ త్రీ అనే మరో డ్రైవర్ కూడా ఉంది, అది వాడే సిస్టమ్‌లలో సరిగా మూయలేదనే గుర్తు (డర్టీ) ఉన్న డ్రైవ్ మౌంటే కాదు. రెండూ చెప్పేది ఒకటే, ముందు విండోస్‌ను పూర్తిగా మూసి రమ్మని.

ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ ఆ అడ్డు తీసేసింది. పేరులో ఫిక్స్ ఉంది గానీ అది విండోస్‌లో డ్రైవ్ తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ లాంటిది కాదు, ఆ సంగతి దాని సొంత మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. కొన్ని ప్రాథమిక తేడాలు సవరించి, జర్నల్‌ను (డ్రైవ్‌లో జరిగే మార్పులను రాసుకునే చిట్టాను) ఖాళీ చేసి, విండోస్ మళ్లీ మొదలైనప్పుడు పూర్తి తనిఖీ జరగాలని గుర్తు పెడుతుంది. కానీ మీ విండోస్ మళ్లీ మొదలవ్వలేదు, నిద్ర లేచింది. తన పాత కాగితంతో పని మొదలుపెట్టింది. నెట్‌లో ఈ కమాండ్‌ను ఒక్క ముక్కలో మందులా రాసేవాళ్ల మీద నాకు కోపం ఉంది. రెండు వాక్యాలు ఎక్కువ రాసి, ముందు విండోస్‌లో రీస్టార్ట్ చేసి రండి అని చెప్పి ఉంటే మీకు ఈ రాత్రి వచ్చేది కాదు.

కార్డు నుంచి అన్నీ వచ్చేస్తే డీ డ్రైవ్ మీద పెద్దగా తంటాలు పడనక్కర్లేదు, నేరుగా చెక్‌డిస్క్ దగ్గరికి పోవచ్చు. కొన్నే వస్తే మాత్రం తొందరపడకండి. చెక్‌డిస్క్ డ్రైవ్ మీద రాసే పని. చాలాసార్లు అది మంచే చేస్తుంది, కొన్నిసార్లు అది సరిచేసిన తర్వాత మనం వెతకడానికి ఆనవాళ్లు మిగలవు. ముందు డ్రైవ్‌కు నకలు తీసుకోండి. మింట్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి, లోపల ఉన్న మింట్ నుంచి కాదు. డీ డ్రైవ్ గుర్తు మీద క్లిక్ చేయకండి. డిస్క్స్ అనే ప్రోగ్రామ్ తెరిచి ఆ భాగాన్ని ఎంచుకుని క్రియేట్ పార్టిషన్ ఇమేజ్ అనండి. డీ మొత్తం సైజుకు సరిపడా ఖాళీ ఉన్న బయటి హార్డ్ డిస్క్ కావాలి, అది ఫ్యాట్ 32 అయి ఉండకూడదు, అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. ఈ నకలు మీదే ఫొటోరెక్ నడపండి. మీ డీ డ్రైవ్ ఎస్‌ఎస్‌డీలో ఉంటే ఒక్క మాట, ఖాళీ అని తెలిసిన చోటును ట్రిమ్ అనే పని తుడిచేస్తుంది కాబట్టి ఆలస్యం మంచిది కాదు. పాత తిరిగే హార్డ్ డిస్క్ అయితే కాస్త ఊపిరి ఉంటుంది.

నకలు భద్రంగా ఉన్నాక విండోస్ తెరవండి. తెరిచిన వెంటనే ఇంకేమీ ముట్టకుండా రీస్టార్ట్ కొట్టండి. తెరుచుకునేటప్పుడు స్కానింగ్ అని వస్తే మధ్యలో ఆపకండి, కరెంటు పోయే టైమ్ అయితే ఛార్జ్ నిండుగా ఉంచుకుని చేయండి. అలా రాకపోతే డీ డ్రైవ్ ప్రాపర్టీస్‌లో టూల్స్, అందులో చెక్. అది అయ్యాక ఫోల్డర్ తన చోటికి తానే రావచ్చు. రాకపోతే ఫౌండ్ డాట్ మూడు సున్నాలు అనే పేరుతో ఒక ఫోల్డర్ ఉందేమో చూడండి. తల్లి ఫోల్డర్ ఏదో తెలియని వాటిని చెక్‌డిస్క్ అందులో పోస్తుంది. విండోస్‌లో అది దాగి ఉంటుంది. వ్యూ ఆప్షన్స్‌లో హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ అన్న టిక్ తీస్తే గానీ కనిపించదు. మింట్‌లో చూస్తే మాత్రం మామూలు ఫోల్డర్‌లా నేరుగా కనిపిస్తుంది. లోపల డాట్ సీహెచ్‌కే అని పేర్లు ఉంటాయి. ఫోల్డర్లు అయితే తెరిస్తే లోపల మీ ఫొటోల అసలు పేర్లు ఉండే అవకాశం ఉంది. విడి ఫైళ్లు అయితే చివరి అక్షరాలు జేపీజీ అని మార్చి చూడండి.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గుమాస్తా గారి ఏడాది లెక్కలు ఇలా ఫౌండ్ ఫోల్డర్‌లోనే దొరికాయి. నా దగ్గరికి వచ్చేలోపు ఇద్దరు చూసి లేవని చెప్పేశారు. దాగి ఉన్న ఫైళ్లు చూపించమనే టిక్ పెట్టారు గానీ ప్రొటెక్టెడ్ అన్న రెండో టిక్ తీయలేదు. ఆ రెండూ వేరు వేరు.

ఇది చదివే మిగతావాళ్లందరి సమస్యా సరిగ్గా ఇదే అయి ఉండదు. ఫోల్డర్ కనిపించడం లేదని వస్తే నేను మొదట చూసేది ఒకే ఒక్క అంకె, డ్రైవ్‌లో ఎంత వాడారు అన్నది. విండోస్‌లో ఎంత చూపిస్తోంది, లినక్స్‌లో ఎంత చూపిస్తోంది, కనిపించే ఫోల్డర్లన్నీ కలిపితే ఎంత అవుతోంది. వాడిన లెక్క ఎక్కువగా ఉండి ఫోల్డర్లు తక్కువగా ఉంటే డేటా అక్కడే ఎక్కడో దాగింది. లెక్కే తగ్గిపోతే మీరు కాపీ చేసింది ఈ డ్రైవ్‌లోకి కాకపోవచ్చు.

ఈ రెండోది చాలామందికి నమ్మశక్యంగా ఉండదు. నల్లగొండలోనే ఒక లెక్చరర్ గారి నోట్స్ అలా పోయాయి. లినక్స్‌లో డ్రైవ్ అనేది ఒక ఖాళీ ఫోల్డర్ మీద వచ్చి కూర్చుంటుంది. ఆయన మింట్‌లో ఒక ఫోల్డర్ చేసి, దానికి అందరూ రాసే హక్కు ఇచ్చి, డ్రైవ్ అక్కడ మౌంట్ అయ్యేలా పెట్టుకున్నారు. ఒకరోజు డ్రైవ్ మౌంట్ కాలేదు. ఫోల్డర్ మాత్రం ఉంది కదా, ఆయన అందులోకే 9 జీబీ కాపీ చేశారు. అది డ్రైవ్‌లోకి పోలేదు, మింట్ సొంత డిస్క్‌లో పడింది. మర్నాడు డ్రైవ్ మౌంట్ అయి ఆ ఫోల్డర్ మీద కూర్చుంది. కింద ఉన్నవి కప్పబడిపోయాయి. డ్రైవ్‌ను అన్‌మౌంట్ చేసి అదే ఫోల్డర్ తెరిచాం, అన్నీ అక్కడే ఉన్నాయి. చూసి ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. మింట్ డిస్క్ ఉన్నట్టుండి నిండిపోయి, డేటా డ్రైవ్‌లో ఫైళ్లు లేకపోతే ముందు దీన్నే అనుమానించండి.

ఇంకోటి, పేర్ల తగాదా. లినక్స్‌కు ఇంగ్లిష్ పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేరు. పెద్ద అక్షరంతో మొదలయ్యే ఫొటోస్ అని ఒకటి, చిన్న అక్షరంతో ఇంకొకటి పక్కపక్కనే చేసుకోవచ్చు. విండోస్ ఆ రెండింటినీ ఒకటే అనుకుంటుంది. మీరు ఏది తెరిచినా లోపల ఒకదాని సరుకే కనిపిస్తుంది, రెండోది మాయం అనుకుంటారు. లినక్స్‌లోకి వెళ్లి ఒకదాని పేరు పూర్తిగా మార్చితే చాలు. అలాగే పేరులో కోలన్, ప్రశ్నార్థకం, చివర చుక్కగానీ ఖాళీగానీ ఉంటే లినక్స్ కొన్ని పద్ధతుల్లో ఒప్పుకుంటుంది, విండోస్ తెరవలేదు. మౌంట్ ఆప్షన్లలో విండోస్ నేమ్స్ అన్నది పెట్టుకుంటే లినక్స్ కూడా అలాంటి పేర్లు ఒప్పుకోదు.

తెలుగులో ఫోల్డర్ పేర్లు పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. "ఆల్బమ్" అని ఒక కీబోర్డ్‌తో టైప్ చేస్తే చివర పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం చేరుతుంది, ఇంకో కీబోర్డ్‌తో చేరదు. చూడటానికి రెండూ అచ్చం ఒకటే. వెతికితే ఒకటే దొరుకుతుంది. ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఎలా వచ్చాయని నన్ను అడిగిన డీటీపీ మిత్రులు ఉన్నారు, కారణం ఇదే. పొడవు కూడా చూసుకోండి. లినక్స్ సొంత ఎక్స్‌టీ ఫోర్ డిస్క్‌లో పేరు 255 బైట్లు దాటకూడదు, తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి 3 బైట్లు తింటుంది. అంటే గుణింతం, ఒత్తు, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కపెట్టి 85 మాత్రమే. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, ఊరు, తేదీ అన్నీ కలిపి పెట్టిన ఫోల్డర్ విండోస్‌లో హాయిగా ఉంటుంది, డీ నుంచి మింట్ డిస్క్‌కు కాపీ చేసేటప్పుడు అదొక్కటి ఆగిపోతుంది.

చెత్తబుట్టలు కూడా వేరు వేరు. లినక్స్‌లో డిలీట్ చేసింది ఆ డ్రైవ్‌లోనే చుక్కతో మొదలయ్యే ట్రాష్ ఫోల్డర్‌లోకి పోతుంది, విండోస్ రీసైకిల్ బిన్‌లో అది కనిపించదు. వన్‌డ్రైవ్ వాడేవాళ్లు డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఎక్కడికి మారిందో చూసుకోవాలి, అందులో కొన్ని ఫైళ్లు పేరుకే ఉంటాయి, సరుకు ఇంటర్నెట్‌లో ఉంటుంది, లినక్స్ వాటిని తెరవలేదు.

ఇక మళ్లీ ఇలా కాకుండా. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీకి వెళ్తే టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్ అని టిక్ ఉంటుంది, తీసేయండి. నేనైతే హైబర్నేషన్ (విండోస్ ఇలా స్థితిని ఫైల్‌లో రాసుకుని నిద్రపోయే పద్ధతి) మొత్తాన్నే ఆపేస్తాను, ఎందుకంటే పెద్ద అప్‌డేట్ తర్వాత ఆ టిక్ మళ్లీ పడటం చూశాను. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ హెచ్, ఖాళీ, ఆఫ్ అని ఇంగ్లిష్‌లో కొడితే సరి. లాప్‌టాప్ తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే. మీది కాని కంప్యూటర్‌లో అయితే షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి, ఆ ఒక్కసారికి పూర్తిగా మూసుకుంటుంది. డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకోమని కొందరు సలహా ఇస్తారు. లోపలి డ్రైవ్‌కు నేను చెప్పను. నిద్రపోయిన విండోస్ దగ్గర దానికీ ఇదే బాధ, పైగా దానికి జర్నల్ లేదు, మధ్యలో కరెంటు పోతే దెబ్బ ఎక్కువ.

ముహూర్తాల రోజుల్లో ఒకే వారంలో నాలుగు పెళ్లిళ్లు ఉంటాయని, కార్డులు ఖాళీ చేయక తప్పదని తెలుసు. అయినా కార్డు ఫార్మాట్ కొట్టే ముందు కాపీ చేసిన ఫోల్డర్‌ను పూర్తిగా రీస్టార్ట్ చేసిన విండోస్‌లో ఒకసారి తెరవండి, మొదటి ఫొటో, చివరి ఫొటో చూడండి. రెండో కాపీ బయటి డిస్క్‌లో పడేదాకా కార్డు జేబులోనే ఉండనివ్వండి.

64 జీబీ కార్డును ఫొటోరెక్ చదవడానికి రీడర్ వేగాన్ని బట్టి పావుగంట నుంచి గంటన్నర పట్టవచ్చు. ఈ రాత్రికే మొదలుపెట్టండి. అది అయ్యేదాకా పెళ్లివాళ్లకు ఫొటోలు పోయాయని ఫోన్ చేయకండి. ఎన్ని వచ్చాయో, తాళి కట్టే టైమ్‌లోవి తెరుచుకుంటున్నాయో లేదో, డీ డ్రైవ్ ఎస్‌ఎస్‌డీనా హార్డ్ డిస్కా, ఈ మూడూ రాయండి. అవి చూసి డ్రైవ్‌కు నకలు తీయడం అవసరమో కాదో చెబుతాను.